చిన్నమ్మ అడిగిన కల్వర్టు

మా చిన్నప్పుడు... మోతె దగ్గర మా ఊరి బడి ముందు ఒక జీపు ఆగింది. అందులోంచి ఇంజనీరు దిగి, టేపు పట్టి నేల కొలవడం మొదలుపెట్టాడు. నేను అప్పుడు నాలుగో తరగతి. సంచి భుజాన వేసుకుని వెళ్లి పక్కనే నిలబడ్డాను.

"ఏం కొలుస్తున్నరు సారూ?"

"మీ ఊరికి నిధులొచ్చినయ్ పాపా. కమ్యూనిటీ హాలు కడతరు."

నిధులంటే నాకు తెలిసింది కథల్లోని లంకెబిందెలే... ఎక్కడ తవ్వుతారో చూద్దామని సాయంత్రం దాకా అక్కడే తిరిగాను. ఎవరూ తవ్వలేదు.

ఇంటికెళ్లి చిన్నమ్మను అడిగాను. సుగుణమ్మ, మా బాబాయి భార్య. నాట్లకూ కలుపుకూ వెళ్లే మనిషి, చదువు రాదు.

"సర్కారు ఊరి కోసం ఇచ్చే పైసలు బిడ్డా" అంది. చాటలో బియ్యం ఏరుతూనే, "ఊరంటే అండ్ల మనం గూడ ఉన్నమా?" అంది... నన్ను కాదు, తనను తానే అడుగుతున్నట్టు.

మా కాలనీకీ ఊరికీ మధ్య వాగు. వానాకాలం అది పొంగితే మాకు బడి లేదు, పెద్దవాళ్లకు కూలి లేదు. అంతకుముందు ఏడాది, నొప్పులు పడుతున్న చిన్నమ్మను నులక మంచం మీద పడుకోబెట్టి నడుంలోతు నీళ్లలో దాటించారు. దవాఖానకు చేరేసరికి ఆలస్యమైంది... బిడ్డ దక్కలేదు.

గ్రామసభ రోజు చిన్నమ్మ వెనక వరుసలోంచి లేచింది.

"హాలు మంచిదే సర్పంచ్ సాబ్. వాగొస్తే మేం గీడికి ఎట్ల రావాలె?"

"హాలుకని వచ్చిన పైసలు వాగుకు పెట్టరాదమ్మా" అన్నాడాయన.

"మరి వాగుకు ఎట్లొస్తయో చెప్పుండ్రి. మేం గదే అడుగుతం."

సభకు వచ్చిన ఇంజనీరు ఫైలు మూసి, "నడువమ్మా, జర సూపియ్యి" అన్నాడు.

ఆయన ప్యాంటు మడిచి వాగులోకి దిగాడు. టేపు రెండో కొస చిన్నమ్మ పట్టుకుంది. "నేనైతే రాసి పంపుత. మంజూరు నా చేతిల లేదు" అన్నాడు.

కాలనీ అంతా అర్జీ మీద వేలిముద్రలు వేశారు. కూలి మానుకుని చిన్నమ్మ మండలాఫీసుకు ఎన్నిసార్లు తిరిగిందో... తిరిగొచ్చిన ప్రతిసారీ నేను గుమ్మంలోనే అడిగేదాన్ని, "వచ్చినయా?" అని. "ఇంక రాలె" అనేది, కాళ్లు కడుక్కుంటూ.

రెండేళ్ల తర్వాత ఎండాకాలంలో ట్రాక్టరు మీద పెద్ద పెద్ద సిమెంటు తూములు వచ్చాయి. పిల్లలమంతా వాటిలో దూరి కేకలు పెట్టి, గొంతు తిరిగి వినపడుతుంటే నవ్వుకున్నాం. వానల నాటికి కల్వర్టు తయారైంది.

మొదటి వరద వచ్చిన రోజు అందరం చూడటానికి వెళ్లాం. నీళ్లు కింద నుంచి పోతున్నాయి... చిన్నమ్మ అవతలికి నడిచింది. అక్కడ ఆమెకు పనేమీ లేదు. వెనక్కి వచ్చింది, మళ్లీ వెళ్లింది. మూడోసారి నడిమధ్యలో ఆగి, కిందికి చాలాసేపు చూస్తూ నిలబడింది. అన్నీ అడిగే నేను ఆ రోజు ఏమీ అడగలేదు...

ఇప్పుడు నేను సూర్యాపేటలో ఉంటున్నాను. వాగు మీద పెద్ద వంతెనే వచ్చింది. బండ్ల మీద జుయ్యిమని దాటిపోతారు, కింద వాగుందని కూడా ఎవరూ చూడరు.

మీ ఊళ్లో మీ కళ్లముందు కట్టింది ఏముంది? రోడ్డో, ట్యాంకో, బడిగదో... దాని కోసం మొదట లేచి అడిగింది ఎవరు? శిలాఫలకం మీద వాళ్ల పేరు ఉండి ఉండదు. ఇక్కడైనా రాయండి...