శుక్రవారం నిప్పు

ధర్మవరంలో రామాంజినమ్మ అతికిన పోగు పట్టుకుని బావిలోకి దిగవచ్చునని చెప్పుకుంటారు. దిగి చూసినవాడు లేడు, ఆ చుట్టుపక్కల దిగాల్సినంత నీళ్లున్న బావి లేదు కాబట్టి. ఒక కరువు ఏడు కుందుర్పి రైతులు బండి కట్టుకుని వచ్చి, కొండ మీది మేఘాన్ని తమ చేనికి అతికి పెట్టమని బతిమాలారట. "దాని కొస ఒక్కటి నా చేతికియ్యండప్పా, మిగతాది నేను చూసుకుంటా" అన్నదట ఆమె. మేఘం కిందికి దిగలేదు, అంతే. ఆమె చేతిలో లోపం లేదు.

ఆమె పని అచ్చు అతకడం. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవచ్చాక, దాని కొసలకు కొత్త పడుగు కొసలను పోగుకు పోగు మెలిపెట్టి కలపాలి. వేల పోగులు. వేళ్లకు చిటికెడు బూడిద అద్దుకుని బొటనవేలి కింద ఒక్కసారి తిప్పితే చాలు, రెండు పోగులూ పుట్టుకతోనే ఒకటన్నట్టు కలిసిపోయేవి. కోడలిగా ఈ ఊరికి వచ్చిన కొత్తలో అత్త దగ్గర నేర్చిన విద్య అది. మొగుడు పోయాక ఆమెకు ఇల్లూ వాకిలీ ఆ వేళ్లే.

ఆ వేళ్లు ఈ చలికాలం మొరాయించాయి. కార్తీకం వెళ్లగానే ఒక ఇంట్లో అతుకుతూ ఉండగా బిగుసుకుపోయాయి. ఆ ఇంటివాళ్లు ఏమీ అనలేదు, మరునాడు వేరే ఆమెను కూర్చోబెట్టుకున్నారు. ఏమీ అనకపోవడమే రామాంజినమ్మను కోసింది. తర్వాత ఎవరూ పిలవలేదు, నేతగాడు మార్కండేయ తప్ప. ఇది గూడా చెడితే ఇంక ఏ మగ్గం ముందరా కూర్చునేది లేదనుకుంటూ అతని ఇంటికి బయలుదేరింది.

అతని మగ్గానికి ఎక్కాల్సింది పాలమీగడ రంగు పడుగు. క్రిస్మస్ సెలవులు ముగిసేలోగా కళ్యాణదుర్గంలో ఒక పెళ్లి ఉంది. పెళ్లికూతురు చర్చి మెట్లెక్కేది ఆ చీరతోనే.

ఎక్కడో సముద్రంలో పుట్టిన తుపాను ఒకటి ఈ కరువుసీమ ఎట్లుంటుందో చూద్దామని ముచ్చటపడి వచ్చింది. వాన పడీపడనట్టు రాలుతూ వీధినంతా తెల్లటి మంచులో ముంచింది. ఎదురిల్లు కలలో చూసిన ఇల్లులా ఉంది. కరెంటు లేక, పక్కవీధి చర్చి ముందరి కాగితం నక్షత్రం వెలగకుండానే మంచులో తేలుతోంది. నోరు తెరిస్తే చలి లోపలికి పోతుందని వీధికుక్కలు తోకలతోనే మాట్లాడుకుంటున్నాయి.

రామాంజినమ్మ మగ్గంలో కూర్చుని విబూది పొట్లం విప్పింది. తెల్ల పట్టుకు పొయ్యి బూడిద మరకవుతుంది.

"చర్చి పెళ్లికి శివుని విబూదా పెద్దమ్మా?" మార్కండేయ నవ్వాడు.

"దులిపితే రాలిపోతాది లేరా. ఆయనకీ ఈయనకీ చలి ఒకటే."

కొంతదూరం అతికేసరికి వేళ్లు కొయ్యబారాయి. పోగులు కలిసినట్టే కలిసి విడిపోతున్నాయి. వేడినీళ్లలో ముంచుదామంటే తడివేలికి పట్టు చుట్టుకుంటుంది. వంటింట్లో కాచుకుని వచ్చి కూర్చునేలోపే మళ్లీ చల్లబడతాయి. మార్కండేయ గ్యాసుపొయ్యినే మగ్గం దగ్గరికి లాగబోయాడు. పైపు వంటింటి గడప దాటలేదు. కొత్త ఇల్లు కట్టిననాడు పెరట్లో నీళ్లపొయ్యిని తన చేత్తోనే పడగొట్టి, ఇంక మనకు పొగతో పనిలేదని వీధంతా చాటిన మొనగాడు మరి.

"ఎవురింట్లోనన్నా నిప్పు తెస్తా, ఉండండి" అంటూ అతని భార్య సువర్ణ బాండ్లి పట్టుకుని పరుగెత్తింది. ముసురులో దినాలు కలిసిపోయి, అది శుక్రవారమన్న సంగతే మరచింది. ఆ వీధిలో శుక్రవారం ఎవరూ నిప్పు బయటికి ఇవ్వరు, దాని వెంటే లక్ష్మి గడప దాటుతుందని. అందులోనూ ధనుర్మాసం.

పక్కింటి లక్ష్మీదేవమ్మ వాకిట్లోనే నిలేసింది. "ఏమ్మే, శుక్రవారం పొద్దు నిప్పడుగుతావా? మా ఇంట్లో ఉండే రవ్వంత లక్ష్మిని గూడా బాండ్లిలో ఏసుకోని పోదామనా?"

"మరిచిపోయినా అత్తా. రామాంజినమ్మ పెద్దమ్మకు చేతులు ఆడలా..."

"ఎవురికైతే ఏమి? నిప్పు నిప్పే."

తక్కిన ఇళ్లలోనూ ఇదే మాట, కాస్త మెత్తగా.

ఖాళీ బాండ్లి చూసి రామాంజినమ్మ విబూది పొట్లం మడిచింది. "పోనీ నాయనా. చేతులకు గూడా ఆయుస్సుంటాది కదా. వేరే ఎవురినన్నా పిలుచుకో. ఆ పిల్ల పెళ్లి ఆగగూడదు."

మార్కండేయ ఆ పొట్లాన్ని ఆమె చేతిలోంచి తీసుకుని మగ్గం మీదనే పెట్టాడు.

అప్పుడు మంచులోంచి ఒక గొడుగు నడిచి వచ్చింది. దాని కింద ఎర్రగా కుంపటి, కుంపటి వెనక లక్ష్మీదేవమ్మ.

"నేనేమీ నిప్పియ్యలా" అని గడపలోనే చాటింది. "నా నిప్పు నా దగ్గరే ఉండాది. నేను ఈడ కూర్చుంటాండా, అంతే. కూర్చునేదానికి వారం వర్జ్యం యాడుండాదప్పా?"

ఆ ఉపాయం వీధి చివరిదాకా పోయింది. ఒక్కొక్కరే ఎవరి కుంపటి వాళ్లు చంటిబిడ్డలా పట్టుకుని వచ్చి, తమ నిప్పు తమ కాళ్ల దగ్గరే పెట్టుకుని మగ్గం చుట్టూ కూర్చున్నారు. వంట గుర్తొచ్చినామె తన నిప్పుతో ఇంటికి పోయి, మళ్లీ రగిలించుకుని వచ్చేది. గది ఎంత వెచ్చబడిందంటే, గోడ మీది బల్లి ఎండాకాలం వచ్చిందనుకుని నీడకు జరిగింది. మార్కండేయ మాత్రం తడి తువ్వాలు పట్టుకుని, పట్టు మీద రవ్వ పడకుండా పిల్లలకోడిలా తిరిగాడు.

"కూర్చోరా, నువ్వు తిరిగితే గాలి ఆడ్తాంది!" లక్ష్మీదేవమ్మ కసిరింది.

"నువ్వు బొగ్గు కెలకొద్దత్తా!"

రామాంజినమ్మ చేతులు చాచింది. వేడి గోళ్లలోంచి కణుపుల్లోకి మెల్లగా నడిచింది. ఒక పోగు తిరిగింది, నిలిచింది. ఇంకొకటి. మాటలూ చిటపటలూ దూరంగా జరిగాయి. తెల్లటి పడుగు ఆమె ముందు మంచు కమ్మిన ఉలవచేనులా పరుచుకుంది. ఆ సాళ్లలో కంబళి కప్పుకున్న చిన్నపిల్ల తానే; ముందర నడుస్తున్నది నాయన. తిరిగి చూడకుండానే, "వస్తాండావా అమ్మీ?" అంటున్నాడు.

"వస్తాండా నాయనా" అని పైకే అనేసింది.

"యాడికే పోతాండావు పని ఇడిసిపెట్టి?" లక్ష్మీదేవమ్మ అరిచింది. గదంతా నవ్వింది. వేళ్లు మాత్రం ఆగలేదు.

దీపాలు పెట్టే వేళకు చివరి పోగు కలిసింది. ఇక పరీక్ష: అతుకులన్నీ దువ్వెన పళ్లలాంటి పన్నె సందుల గుండా అవతలికి రావాలి. మార్కండేయ దేవుణ్ణి తలచుకుని మెల్లగా లాగాడు. పడుగు పాలధారలా జారుతూ వచ్చింది, ఒక్క పోగూ తెగకుండా.

రామాంజినమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమటేనన్నది.

"సంక్రాంతి పండగయినాంక మా మగ్గానికి అతకాల. ముందు నేను చెప్పినా, ఎవురూ అడ్డం రాగూడదు" అంది లక్ష్మీదేవమ్మ, చల్లబడుతున్న కుంపటి ఎత్తుకుంటూ.

"వస్తా గానీ, శుక్రవారమే పిలువక్కా" అంది రామాంజినమ్మ. "మిగతా వారాల్లో నిప్పిచ్చేసి ఇంట్లో కూర్చుంటారు మీరు."