మూత పెట్టిన సగం గ్లాసు

మా ఆయన పోయిన నాటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. ఆ సంగతి బయటపడగానే ఊరంతా వైద్యులైపోయారు. వదిన గసగసాల పాలు తాగమంది. ఎదురింటావిడ జాజికాయ అంది. టెక్కలి బస్సులో పక్క సీటు మనిషి, నేను అడక్కుండానే, అశ్వగంధ అన్నాడు. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. ఆ మాట అన్నవాడికి హాయిగా నిద్ర పట్టేదేమో.

జబ్బు చేసిన మూడేళ్లూ ఆయన ఊపిరి వింటూ పడుకున్నాను. ఇప్పుడు వినడానికేమీ లేదు. పడుకుంటే గుండె దడ. ఇల్లంతా నేనొక్కదాన్నే ఉన్నానని భయం.

చివరికి ఎండుచేపల గంపతో మా వీధికొచ్చే ముసలమ్మ జటామాంసి వేరు తెచ్చిచ్చింది. “రొండు గ్లాసుల నీల్లు ఒక గ్లాసయ్యేదాకా మరగెట్టి, తొంగునే ముందు తాగమ్మా” అంది.

ఇంటింటా కిడ్నీ జబ్బున్న మా ఉద్దానంలో వేరు మందు నోట్లో వేసుకోవాలంటే ముందు కిడ్నీల సంగతి చూసుకోవాలి. ఆయన్ని డయాలసిస్‌కు తిప్పిన పలాస ఆసుపత్రికే వెళ్లి పరీక్షకు రక్తం ఇచ్చి, వేరు చూపించాను. కిడ్నీలు బాగున్నాయి, కొన్నాళ్లు తాగి మళ్లీ పరీక్షకు రమ్మన్నారు. ఆ రిపోర్టు పట్టుకుని బస్టాండులో కూర్చుని ఏడ్చాను. నావి బాగుండి ఎవరికి లాభం?

రెండు వారాలు తాగినా గుణం కనబడలేదు. ఒక పొద్దున్న ముసలమ్మ గంప దించగానే నాలుగు మాటలు అనేశాను. ఆమె పట్టించుకోకుండా, ఎలా కాస్తున్నానో చూస్తానని వంటింట్లోకి వచ్చింది. గట్టు మీదున్న గ్లాసు మూత తీసింది.

“ఇదేటి, సగం ఉండిపోనాది?”

“రోజూ సగం తాగి, సగం ఉంచుతాను.”

“ఎవులికమ్మా?”

ఆయనకు తాగేది ఏదైనా కొలిచే ఇవ్వమన్నారు డాక్టర్లు. టీ అయినా, మజ్జిగైనా ఒక్క గ్లాసే చేసి, సగం నేను తాగి, సగం ఆయనకు మూత పెట్టేదాన్ని. ఇంకాస్త పొయ్యమని ఆయన బతిమాలితే కసిరేదాన్ని కూడా. రోజూ పొద్దున్నే ఆ సగం కషాయాన్ని పారబోస్తున్నది నేనే. ఎందుకు మిగులుతోందని ఒక్కనాడూ అనుకోలేదు.

ముసలమ్మ గ్లాసు కడిగి బోర్లించింది. “ఆ బాబుకింక దాహం నేదు. నువ్వే తాగీ” అంది.

ఆ రాత్రి గ్లాసు నిండా పోసుకున్నాను. మొదటి సగం చేదుగానే దిగింది. రెండో సగం గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది. ఆయన వాటా తాగేస్తున్నట్టే అనిపించింది.

కళ్లు తెరిచేసరికి జీడితోట మీద ఎండ పడుతోంది. ఇంతసేపు ఆయన్ని చూసుకోకుండా పడుకున్నానా అని గాభరాగా పక్క మంచం వైపు తిరిగాను. చూసుకోవాల్సిన పని లేదని తర్వాత గుర్తొచ్చింది.