ఉత్తరానికి తలపెట్టిన ఆకాశం

నా సర్టిఫికెట్ల ప్రకారం నేను జూన్ ఒకటిన పుట్టాను. మా తరగతిలో సగం మంది ఆ రోజే పుట్టారు. పుట్టిన తేదీ తెలియని పిల్లలందరికీ మా హెడ్మాస్టరు ఆ తేదీనే రాసేవాడు. మిగతా తల్లిదండ్రులు తెలియదని ఒప్పుకుని పోయారు. మా నాయిన ఒప్పుకోలేదు. కంది కోసిన చేలో మంద పెట్టిన రోజుల్లో, తెల్లవారుజామున, వేగుచుక్క నెలవంకకు అంటుకున్నట్టు నిలబడ్డప్పుడు బిడ్డ పుట్టిందని చెప్పాడు. రెండు వేళ్లు దగ్గరికి పెట్టి వాటి మధ్య ఎడం కూడా చూపించాడు. హెడ్మాస్టరు కలం కింద పెట్టి నవ్వాడు. పిల్లలు నవ్వారు. వాళ్లతో పాటు నేనూ నవ్వాను.

మాది పూడూరు దగ్గర గొర్రెలు కాసే కుటుంబం. పంట ఇంటికి చేరాక రైతులు తమ చేలో రాత్రిళ్లు మంద పెట్టించుకుంటారు. పొద్దున లేచేసరికి పొలానికి ఎరువు, కాపరికి గింజలు. మంద పక్కన గొంగడి పరుచుకుని వెల్లకిలా పడుకునే మనిషికి ఆకాశమే గడియారం. పిల్లలకోడి అనే కృత్తికలు నడినెత్తికి వస్తే ఇంత పొద్దు, మంచంకోళ్లు అనే సప్తర్షులు పైకి లేస్తే ఇంత పొద్దు అని మా నాయిన లెక్క. ఆ లెక్కలోనే నా పుట్టుక కూడా ఉంది. నేను మాత్రం చదువు నేర్చిన కొద్దీ దాన్ని నమ్మడం మానేశాను. ఎప్పుడైనా ఆ మాట ఎత్తితే, గొర్రెల కతలు చెప్పకు నాయినా అనేదాన్ని. అమ్మను అడిగితే, నొప్పులతో నాకే చుక్కలు కనబడుతుంటే పై చుక్కలు ఎవరు చూశారు అనేది. ఇప్పుడు అమ్మ లేదు. ఆ రాత్రికి మిగిలిన సాక్షి నాయిన ఒక్కడే.

మంద తమ్ముడి చేతికి వెళ్లాక నాయిన తాండూరులో నా దగ్గరే ఉంటున్నాడు. షుగరు ఆయన కంటి వెనక నరాలను చాలావరకు తినేసింది. మొదట చీకటి చూపు పోయింది. పగలు, అదీ దగ్గరగా, కొంత కనిపిస్తుంది. పోయింది తిరిగి రాదని, ఉన్నది ఎన్నాళ్లుంటుందో చెప్పలేమని కంటి డాక్టరు అన్నాడు. బస్సులో తిరిగి వస్తూ నాయిన గుడ్డి కన్నా మెల్ల నయమని నన్నే ఓదార్చాడు.  ఊరు దగ్గరపడుతుండగా ఒక మాటన్నాడు.

"ఒక్కపారి చుక్కలు జూస్తే బాగుండు బిడ్డా. అయిదేండ్లాయె."

ఆయన నన్ను అడగక అడగక అడిగింది అదొక్కటే.

ఫోన్లో ఆకాశం చూపించే ఆప్ పెట్టి ఇచ్చాను. ముక్కుకు ఆనించుకుని చూసి, మసిగుడ్డ లెక్క ఉందన్నాడు. పెద్ద తెర కావాలి. ఇంట్లో టీవీ ఉంది. పాత కంప్యూటరూ ఉంది. నేను పనిచేసే బండల పాలిష్ యూనిట్లో కొత్తవి కొన్నప్పుడు, ఎవరూ ముట్టుకోని పాతదాన్ని నాకిచ్చారు. దాన్ని ఆ టీవీకి కలిపే దారే లేదు, వెనక ఉన్నవన్నీ పాత కాలపు సందులు. పోనీ దాని తెర మీదే చూద్దామని నక్షత్రాల ప్రోగ్రాం ఎక్కిస్తే, ఈ మిషన్లో గ్రాఫిక్స్ సరిపోదని ఒక మెసేజి చూపించి మూసుకుంది. తాండూరు షాపులో అడిగితే దాన్ని తుక్కులో వేసి కొత్తది కొనుక్కోమన్నారు. నాకు కోపం వచ్చింది. వస్తువైనా మనిషైనా ముసలిదైతే తుక్కేనా అని గట్టిగానే అడిగి బయటికొచ్చాను. పాపం, అతను మనుషుల సంగతి ఎత్తనే లేదు.

వికారాబాదులో పాత సామాన్లు అమ్మే రిపేరు షాపు ఉందని ఆఫీసులో చెబితే ఆదివారం పాసింజరు రైలెక్కి వెళ్లాను. షాపాయన నాకంటే పెద్దవాడు. నేను తీసుకెళ్లిన కంప్యూటరు ఫోటో చూసి, డబ్బా సన్నంగా ఉంది, పెద్ద గ్రాఫిక్స్ కార్డు పట్టదు, కరెంటు ఎక్కువ తాగేది పెడితే మొత్తం ఆరిపోతుందని చెప్పాడు. అరలో వెతికి అరచేతంత కార్డు ఒకటి తీశాడు. దాని మీద బొట్టుబిళ్ల డబ్బా అంత ఫ్యాను, అంచుకు బంగారు రంగు పళ్లు. ఎవరో వాడి వదిలేసినది కాబట్టి చవకే. ఆటల కోసమా అని అడిగాడు. కాదు, మా నాయినకు చుక్కలు చూపించాలని చెప్పాను.  షాపాయన పెన్సిల్ చెరిపే రబ్బరు తీసుకుని ఆ బంగారు పళ్లను ఒక్కొక్కటిగా రుద్ది మెరిపించాడు. కార్డు అంచుకున్న పొడుగు రేకు విప్పి, నా సన్నటి డబ్బాకు పట్టే పొట్టి రేకు బిగించాడు. తన మిషన్లో పెట్టి, బొమ్మ వస్తుందో లేదో నా ముందే చూసి, పాత పేపర్లో చుట్టి ఇచ్చాడు. తిరుగు ప్రయాణమంతా దాన్ని ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను.

తాండూరులో ఏ డబ్బా విప్పినా లోపల తాండూరే ఉంటుంది. కంప్యూటరు మూత తీయగానే పిడికెడు బండ పొడి రాలింది. తెలివి తక్కువగా నోటితో ఊదాను, అదంతా నా కళ్లలోనే పడింది. పక్కన కూర్చున్న నాయిన నవ్వి, ఇంట్లో చూపున్న మనిషివి నువ్వొక్కదానివే, నువ్వూ పోగొట్టుకోకు అన్నాడు. పెయింటు బ్రష్షుతో పొడి దులిపి, కార్డు దూర్చి, స్క్రూ బిగించి, టీవీకి తీగ కలిపి స్విచ్చి వేశాను. ఇల్లు అలకగానే పండగ కాదు కదా. ఫ్యాను తిరిగింది కానీ టీవీ నల్లగానే ఉండిపోయింది. మూడుసార్లు విప్పాను, మూడుసార్లు బిగించాను. చివరికి కార్డు పాడైందనుకుని షాపాయనను తిట్టడం మొదలుపెట్టాను.

"జర నన్ను చెయ్యి పెట్టనియ్యి," అన్నాడు నాయిన.

ప్లగ్గు పీకి పక్కకు జరిగాను. నాయిన కళ్లు మూసుకుని చెయ్యి లోపలికి పోనిచ్చాడు. ఈనలేక అవస్థ పడే గొర్రె కడుపులో అడ్డం తిరిగిన పిల్లను తడిమి సరిచేసిన వేళ్లవి. చీకట్లో అయినా వెలుతురులో అయినా ఆ పని ఆయన ఎప్పుడూ కళ్లతో చేయలేదు. కార్డు అంచు వెంట వేలు నడిపి, ఒక కొస కిందికి దిగింది, రెండో కొస దిగలేదు అన్నాడు. సందులోంచి ఏదో గోటితో గీకి నా చేతిలో పెట్టాడు. మినపగింజలో సగం కూడా లేని బండ ముక్క. తర్వాత బొటనవేలితో మెల్లగా అదిమాడు. టక్కుమని చిన్న చప్పుడు. స్విచ్చి వేస్తే టీవీ మీద వెలుగొచ్చింది. లోపలే షాపాయనకు క్షమాపణ చెప్పుకున్నాను.

ఈసారి ప్రోగ్రాం మూసుకోలేదు. ఆ పూట టైమే చూపిస్తోంది కాబట్టి నీలం ఆకాశమూ సూర్యుడూ వచ్చాయి. ఇది బయట కూడా ఉంది కదా, దీనికేనా ఇంత కష్టం అన్నాడు నాయిన. మ్యాపులో వికారాబాదు దగ్గర నొక్కి, టైమును రాత్రి తొమ్మిదికి జరిపాను. తెర నల్లబడింది, దాని నిండా చుక్కలు పొడిచాయి.  బండ పొడి, వీధి దీపాల మధ్య ఇన్నేళ్లు బతికి, నేను కూడా అన్ని చుక్కలు చూసి ఎంతకాలమైందో అప్పుడే తెలిసింది.

నాయిన మాత్రం టీవీకి దగ్గరగా కుర్చీ జరుపుకుని, అటూ ఇటూ తల తిప్పి, ఏమీ గుర్తుపట్టలేకపోయాడు. గోడ మీది చుక్కలను చూసే అలవాటు తనకు లేదన్నాడు. ఆ మాట నిజమే. ఆయన ఆకాశాన్ని దాదాపు ఎప్పుడూ పడుకునే చూశాడు. నాలుగు ప్లాస్టిక్ స్టూళ్లు తెచ్చి, టీవీని గోడ మీంచి దింపి, తెర కిందికి ఉండేలా నాలుగు మూలలూ వాటి మీద ఆనించాను. జారకుండా తాడు కట్టాను. నాయిన తన గొంగడి తెచ్చి నాపబండల మీద పరుచుకుని, దిక్కు చూసుకుని, టీవీ కిందికి జరిగి వెల్లకిలా పడుకున్నాడు. తెరకూ ఆయన ముఖానికీ మధ్య జానెడు ఎడం. నేను మౌస్ పట్టుకుని పక్కన కూర్చున్నాను.

చాలాసేపు చూశాడు.  కళ్లు మరీ పాడైపోయాయేమో, ఆలస్యం చేశానేమో అనుకున్నాను.

"గిది మన ఆకాశం గాదు బిడ్డా," అన్నాడు చివరికి. "గొల్లకావడి ఎడమ దిక్కుకెళ్లి లేస్తదా? నేను ఏనాడన్న ఉత్తరానికి తలపెట్టి పండుకున్ననా?"

నాకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. ప్రోగ్రాం తెరవగానే దక్షిణం వైపు చూపిస్తుంది. నేను దాన్ని అలాగే నడినెత్తి దాకా ఎత్తి పెట్టాను. అంటే తెరలోని దక్షిణం ఆయన కాళ్ల వైపు వచ్చింది. అలా కనిపించాలంటే మనిషి ఉత్తరానికి తలపెట్టి పడుకోవాలి. మా ఇళ్లలో ఉత్తరానికి తలపెట్టి ఎవరూ పడుకోరు. మంద దగ్గర చేలో పడుకున్నా సరే, ఆయన తల దక్షిణానికే. డెబ్బై ఏళ్లుగా ఆయన ఆకాశానికి తూర్పు కుడిచేతి వైపే ఉంది. ఎవరో చదువుకున్నవాళ్లు రాసిన ప్రోగ్రాంలో తప్పేమీ లేదు, పడుకునే పద్ధతే వేరు.

మౌస్ తో ఆకాశాన్ని పట్టుకుని మెల్లగా సగం చుట్టు తిప్పాను. ఉత్తరం ఆయన కాళ్ల దగ్గరికొచ్చింది, తూర్పు కుడిచేతి వైపుకొచ్చింది.

నాయిన గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. మాట కాదు. చెయ్యి పైకెత్తి తెరను వేలితో తాకాడు. పిల్లలకోడి నడినెత్తిన ఉంది, దాని పిల్లలన్నీ దాని దగ్గరే ఉన్నాయి. కుడివైపు మూడు చుక్కల కావడి. మంచంకోళ్లు లేవడానికి ఇంకా టైముందని ఆయనే చెప్పాడు. నేను టైం ముందుకు జరిపితే, చెప్పిన మూల నుంచే లేచాయి.  ఇంత పెద్ద ఆకాశం ఈ చదువు రాని మనిషి తలలో దిక్కులతో సహా ఉంది. చూపు పోయినా అది పోలేదు. నేను చదివిన చదువులో ఇలా కంఠతా వచ్చింది ఒక్కటి కూడా లేదు.

అప్పుడు నాకు ఆ మాట అడగాలనిపించింది. ఈ ప్రోగ్రాంలో పాత రోజులకు కూడా పోవచ్చు, నేను పుట్టిన రాత్రికి పోదామా అన్నాను. ఆయన మెల్లగా బయటికి జరిగి లేచాడు. ఆ తెల్లవారుజామున పుట్టిన కబురుతో ఇంటి నుంచి మనిషి వచ్చి లేపితే లేచి కూర్చుని తూర్పుకు చూశానన్నాడు. అందుకని టీవీని కూడా లేపి గోడకు నిలబెట్టి, ఇద్దరం గొంగడి మీద తూర్పుకు తిరిగి కూర్చున్నాం.

హెడ్మాస్టరు రాసిన ఏడాదికి అటూ ఇటూ వెతికాను. కంది కోతలయ్యాక వచ్చే రెండు నెలలు, తెల్లవారడానికి ముందు, రోజు తర్వాత రోజు జరుపుతూ పోయాను. ఒక ఏడాది వేగుచుక్క పొద్దున అసలు రానేలేదు, సాయంత్రం పడమటనే ఉండిపోయింది. ఇంకో ఏడాది నెలవంక, చుక్క రెండూ వచ్చాయి. ఎడం ఎక్కువ, ఇది కాదన్నాడు. నాకు భయం పట్టుకుంది. దొరకకపోతే ఈయన ముఖం ఎలా చూడాలి? దొరికినా నా ముఖం ఎలా చూపించాలి?

మూడో ఏడాదిలో ఒక రోజు దగ్గర ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు.

తేలు ఆకారపు చుక్కల కొండికి కొంచెం పైన, గోరు గీసినట్టు సన్నటి నెలవంక. దాని పక్కనే వేగుచుక్క. నాయిన రెండు వేళ్లు దగ్గరికి పెట్టి తెర మీద ఆనించాడు. బడిలో బల్ల ముందు నిలబడి చూపించిన ఎడమే అది. ఆ చెయ్యి నాకు బాగా గుర్తుంది. దాన్ని చూసే కదా మేమందరం నవ్వింది.

తేదీ తెర మూల మీద చిన్న అక్షరాల్లో ఉంది. ఆయనకు అది కనబడదు. చదివి చెప్పాను. దానితో తనకు పనిలేనట్టు తలూపాడు. నాకే ఉండబట్టలేదు. ఆ హెడ్మాస్టరు బతికుంటే ఇప్పుడే తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టేదాన్నని, ఆ రోజు నిన్ను చూసి నవ్వినందుకు ముఖం వాచేలా చీవాట్లు పెట్టేదాన్నని అన్నాను.

నాయిన తెర మీంచి కళ్లు తీయలేదు.

"సారు నవ్వితే నాకేం గాలే బిడ్డా. గా సారు మంద కాడ పండుకున్నోడా, ఆయనకెట్ల తెలుస్తది," అన్నాడు. "నువ్వు నవ్వినవు."

నేను ఆయన భుజానికి తల ఆనించాను. కార్డు మీది చిన్న ఫ్యాను తిరుగుతూనే ఉంది. నెలవంకను అక్కడే ఆపి ఉంచమన్నాడు. ఆ పూటంతా అలాగే ఉంచాను.