గంగామణి లోపలికి రానన్న మూడు రోజులు

2019 డిసెంబరు 10, మంగళవారం, ఉదయం 9 గంటల 20 నిమిషాలు. ఆదిలాబాద్‌లో పొగమంచు ఇంకా విడలేదు. నేను అప్పుడు ఒక ఆసుపత్రిలోని ఎస్.ఎన్.సి.యు.లో, అంటే నెలలు నిండక పుట్టిన పిల్లలను, జబ్బుపడిన పసికందులను ఉంచే విభాగంలో, హెడ్ నర్సును. తలుపు అద్దం అవతల ఒక బాలింత నిలబడి ఉంది. ఆమె పేరు గంగామణి, ఊరు ఇచ్చోడ. ఆమె కూతురు ముప్పై రెండు వారాలకే పుట్టింది. పుట్టినప్పటి తూకం 1,250 గ్రాములు.

గంగామణి పాలు పిండి గిన్నెలో పంపేది, రోజూ తూకం అడిగేది, కానీ లోపలికి అడుగు పెట్టేది కాదు. అప్పటికి అది మూడో రోజు. కారణం అడిగాను.

"నేను ముట్టుకున్న తెల్లారే అరవై గ్రాములు తగ్గింది మేడం. నెలలు నిండేదాంక కడుపుల ఆపుకోలేనిదాన్ని. నా చెయ్యి మంచిది కాదు."

మొదటి వారంలో ఒంట్లోని నీరు పోయి పసిబిడ్డలందరూ కొంత తగ్గుతారని, ఇది ఎవరి తప్పూ కాదని చెప్పాను. మిగతా పిల్లల చార్టులు కూడా చూపించాను. తల ఊపింది గాని నమ్మలేదు.

"గీ తలుపు కాడనే నిలవడ్తది సిస్టరమ్మా. కూసొమ్మంటె కూసోదు, తినుమంటె తినదు" అంది ఆమె అత్త లస్మవ్వ. బిడ్డ కంటే ఈ తల్లి గురించే నాకు ఎక్కువ ఆందోళన కలిగింది. దిగులు ఇలాగే ముదిరితే పాలు తగ్గుతాయి, ఆపై తల్లే మంచం పడుతుంది.

బిడ్డకు కంగారూ కేర్ మొదలుపెట్టవలసిన సమయం వచ్చింది. బిడ్డను పెద్దవాళ్ల ఛాతీకి చర్మం తగిలేలా ఆనించి, పైన గుడ్డ చుట్టి, గంటల తరబడి వెచ్చగా ఉంచే పద్ధతి అది. తల్లి రానంది. లస్మవ్వకు దగ్గు. ఇక తండ్రి లింగన్న మిగిలాడు. అతడు జిన్నింగ్ మిల్లులో బేళ్లు, అంటే నొక్కి కట్టిన పత్తి మూటలు, మోసే హమాలీ.

అతడి చేత స్నానం చేయించి, చొక్కా విప్పించి, కుర్చీలో కూర్చోబెట్టి బిడ్డను ఛాతీ మీద పెట్టాము. ఊపిరి బిగపట్టాడు.

"ఊపిరి తీసుకో లింగన్నా, బిడ్డకేం కాదు."

"నూట డెబ్బై కిలోల బేలు ఎత్తినప్పుడు గూడ గింత చెమట పట్టలే మేడం!"

బిడ్డతో ఏదైనా మాట్లాడమన్నాను. అతనికి జోలపాట రాదు. కాసేపు ఆలోచించి, బేలు ఎత్తేటప్పుడు హమాలీలందరూ కలిసి అనే మాటనే గుసగుసగా అందుకున్నాడు: "హైసా... హైసా..."

వార్డు మొత్తం నవ్వింది. అద్దం అవతల గంగామణి కూడా నవ్వింది. తరువాత ఆమె ముఖం మారింది. తలుపు కొద్దిగా తెరిచింది.

"ఏందయ్యా, బిడ్డననుకున్నవా, బేలనుకున్నవా? మెడ జూడు, ఎట్ల వాలిందో! ఇటియ్యి."

"ముందు చేతులు కడుక్కో" అన్నాను. అరచేతులు, వేళ్ల సందులు, మణికట్లు, అన్నీ సబ్బుతో రుద్ది కడిగింది. లింగన్న బిడ్డను అందిస్తుంటే, గడప అవతలి నుంచి లస్మవ్వ కేక వేసింది: "జర మెల్లగరా! లారీల ఏస్తున్నవా?"

ఆ రోజు గంగామణి రెండు గంటలు కదలకుండా కూర్చుంది. అసలు పరీక్ష మరునాటి తూకం. ఆమె కాంటా పక్కనే నిలబడి కళ్లు మూసుకుంది. 1,190 గ్రాములు; ముందునాటి అంకే.

"తగ్గలేదు" అన్నాను.

"పెరగలే కద?"

"తగ్గలేదమ్మా. నిన్న రెండు గంటలు నీ దగ్గరే ఉంది."

"తగ్గలే" అని తనకు తాను చెప్పుకొని, ఎవరినీ అడగకుండానే బిడ్డను చేతుల్లోకి తీసుకుంది. ఆ మరునాడు ఇరవై గ్రాములు పెరిగింది. అప్పటికి ఆమె కళ్లు మూసుకోవడం మానేసింది. సాయంత్రం లింగన్న వంతు వస్తే, "నీ హైసాలకు బిడ్డ జడుస్తది" అని వంతు ఇచ్చేది కాదు.

ఈ కేసు నాకు నేర్పింది ఇది: అంకె ఎంత సరైనదైనా, భయపడ్డ తల్లి దానిని తన మీద నేరంగా చదువుకోగలదు. ఆ తరువాత నేను ఏ తల్లికీ తూకం ఒక్కటే చెప్పి పంపలేదు. తిన్నావా, నిద్రపోయావా, ఏడ్చావా, బిడ్డను పట్టుకోవడానికి భయమా, తప్పు నీదే అనిపిస్తోందా అని ఐదు ప్రశ్నలు అడిగేదాన్ని. అవసరమైతే డాక్టరుకు చెప్పేదాన్ని.

2020 ఫిబ్రవరి 20న గంగామణి బిడ్డను తిరిగి చూపించడానికి వచ్చింది. ఆ ఐదూ అడిగాను. తింటోంది, ఏడవడం లేదు, భయం లేదు, తప్పు తనదని అనుకోవడం లేదు. నిద్ర సంగతి అడిగితే, "గిది పోనిస్తె కద మేడం!" అని నవ్వింది.

చివరి లెక్క: బిడ్డ 3,040 గ్రాములు, తల్లికి ఐదు ప్రశ్నలలో నాలుగు సరి.