లావు తీగ

హిందూపురం బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒడిలో పొడుగాటి నల్ల సంచి ఉంది. తనది దర్జీపనని, ముప్పై ఏళ్లుగా ఆదివారాలు సోమందేపల్లెలో స్నేహితుల బ్యాండులో సరదాకి కరెంటుతో మోగే బేస్ గిటారు వాయిస్తున్నానని చెప్పాడు.

రాప్తాడు దాటాక టైరు పంక్చరైంది. మేమిద్దరం తప్ప అందరూ దిగిపోయారు. ఇంజను ఆగిన బస్సులో ఆయన గిటారు తీసి, అన్నిటికన్నా లావు తీగను మీటాడు.

"వినపడెనా అప్పా? రెండు నెల్లనుంచి నాకు ఈ తీగ వినపడ్డంలే. చెవి ఇంక బాగు కాదన్నాడు డాక్టరు."

నాకు స్పష్టంగా వినపడింది. "లేదన్నా, కరెంటు లేకుండా ఎట్లా వినపడుతుంది?" అన్నాను.

ఆయన నా చేతిని గిటారు చెక్కకు ఆనించి మళ్లీ మీటాడు. అరచేతి కింద చెక్క అదిరింది.

"అబద్ధమెందుకప్పా? మావోళ్లూ ఇంతే. తప్పు వాయించినా బాగుండాది అంటారు. ఈపొద్దు చెప్పేస్తా, ఇంక రానని."

గిటారును సంచిలో పెట్టేశాడు. టైరు మార్చాక బస్సు కదిలి సోమందేపల్లె చేరింది. ఆయన దిగుతుంటే, బెంగళూరులో ఇంకో డాక్టరుకు చూపించుకోమని చెప్పబోయి ఆగిపోయాను. అది కూడా అబద్ధమే అయ్యేది.