హాబీ ఉన్న మొగుడు

మనిషికి మనశ్శాంతి కావాలంటే సొంతంగా ఒక హాబీ ఉండాలట. ఈ సంగతి మా ఆయన పనిచేసే కంపెనీకి బెంగళూరు నుంచి ఒక పెద్దమనిషి వచ్చి మరీ చెప్పిపోయాడు. తొంభైల చివర్లో హోసూరుకు ఇలాంటి పెద్దమనుషులు చాలామందే దిగేవాళ్లు. మా ఆయన సూపర్‌వైజరు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు గుమ్మానికి అడ్డంగా వదిలేసి, "ఏమ్మే, నాకొక హాబీ కావల్ల" అన్నాడు, ఇంట్లో ఉప్పు అయిపోయిందన్నంత తేలిగ్గా.

నాకైతే ఒకటి అప్పటికే ఉండేది. దాన్ని హాబీ అంటారని మాత్రం తెలీదు.

మాది కెలమంగలం పక్కన పల్లె. పట్టుపురుగుల ఇల్లు. పురుగులున్నన్నాళ్లూ మా అమ్మకు నడుం వాల్చే సందుండదు. ఆకు కోయాలి, తరగాలి, తట్టలు శుభ్రం చేయాలి. మధ్యమధ్యలో పురుగులకు 'జ్వరం' వస్తుంది. రోగం కాదది. పొర విడిచే ముందు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతాయి. ఆ పూటే మా అమ్మకు సెలవు. బొగ్గుతో నేలమీద గీతలు గీసి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని పులిమేక ఆడేది. పులులకు గులకరాళ్లు, మేకలకు చింతగింజలు. ఎప్పుడూ మేకల పక్షమే. "పులికేముందమ్మా, ఎగిరి తినేదే పని. దాన్ని కదలకుండా కట్టల్లంటే మేకకే బుద్ధి కావల్ల" అనేది.

హోసూరులో మాది వరస ఇళ్లలో ఒకటి. గడపకు పూయగా మిగిలిన పసుపు పెయింటుతో హాల్లో ఆ గీతలే గీసుకున్నాను. మధ్యాహ్నం పనులయ్యాక పక్కింటి అక్క వచ్చేది. ఒక్క ఆట. అది ఉందన్న ధైర్యంతోనే పొద్దుటి చాకిరీ అంతా గడిచిపోయేది.

మా ఆయన హాబీ చేపల తొట్టి రూపంలో వచ్చింది. ఇనప స్టాండుకు ఇల్లంతా చోటు వెతికి, సరిగ్గా నా గీతల మీదే పెట్టాడు.

"ఆడ నా ఆట ఉండాది" అన్నాను.

"నీకు యాలమ్మే ఆట? ఇంట్లోనే కదా ఉండేది, నీకేం టెన్షను?"

నీళ్లు మార్చేది నేను. పాచి గీకేది నేను. మేత వేసేది నేను. ఆయన సాయంత్రం కాఫీ గ్లాసుతో దాని ముందు కూర్చుని, మైండు ఎంత రిలాక్స్ అవుతోందో అని నిట్టూర్చేవాడు. ఆ కాఫీ పెట్టిందీ నేనే. సొమ్మొకడిది, సోకొకడిది. మా అమ్మ పురుగులే నయం, తిన్నందుకు గూడైనా కట్టేవి.

అక్కా నేనూ వంటింట్లో సుద్దతో గీసుకుని చూశాం. బియ్యం డబ్బాకూ స్టవ్వుకూ మధ్య మోకాళ్లు ముడుచుకుని ఎంతసేపని ఆడతాం? మానేశాం. ఆ రోజుల్లో నాకు ప్రతి చిన్నదానికీ ఏడుపొచ్చేది. ఎందుకో చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

ఒక ఎండాకాలం తొట్టి కారడం మొదలైంది. అప్పటికే ఆయనకు మోజు తీరింది. చేపల్ని ఎవరికో ఇచ్చేసి, స్టాండు పాత సామాన్ల వాడికి వేశాడు. కింద నా గీతలు చెక్కుచెదరలేదు. అప్పటికప్పుడు అక్కను కేకేశాను. మేం ఆడుతుంటే ఆయన వచ్చి వంగి చూశాడు.

"ఇది బాగుందే! మన పాతకాలం ఆట. మైండుకు మంచిది."

నా కొంప అప్పుడే మునిగింది. ఆ ఆదివారమే కంపెనీ స్నేహితులు ముగ్గురు వచ్చి నా గీతల చుట్టూ బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఆయన ఎప్పుడూ పులే. నేను వంటింట్లో బజ్జీలు వేస్తున్నాను. ఆదివారంతో ఆగితే బాగుండేది. మొదటి షిఫ్టు దిగి మధ్యాహ్నాలు కూడా రాసాగారు. అక్క గుమ్మం దాకా వచ్చి, చెప్పులు చూసి వెనక్కి పోయేది.

ఆ ఏడు కంపెనీ కుటుంబాల పండగకు బెంగళూరు పెద్దమనిషి మళ్లీ వచ్చాడు. మా ఆయన మైకు పట్టుకుని, తన హాబీ పులిమేక అని, ఇంట్లోవాళ్లకు కూడా తనే నేర్పించానని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మర్నాడు నీళ్లపొయ్యిలోంచి ఒక బొగ్గుముక్క తీసుకుని వరస ఇళ్ల వెనక్కి పోయాను. అక్కడ అందరికీ కలిపి బట్టలుతికే బండ ఒకటి ఉంది. దాని మీద గీతలు గీశాను. పక్కన బకెట్లో బట్టలు నానబెట్టుకుని అక్కా నేనూ చెరోవైపు కూర్చున్నాం. ఆట అయ్యాక చెంబుడు నీళ్లు పోస్తే చెరిగిపోతాయి.

"మీ ఆయన ఈడికీ వస్తే?" అంది అక్క.

"బట్టలుతికే బండ కాడికా?" అన్నాను.

ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆయన అటు రాలేదు.