రబ్బరుతో అచ్చువేసిన బోర్డు

స్టాంపులాయన దుకాణం మెట్ల కింద ఉంటుంది. పైన పళ్ళ డాక్టరు. ఎక్కేవాళ్ళ అడుగులు ఆయన నెత్తిమీదుగా వెళ్తాయి. దిగేవాళ్ళు దవడ పట్టుకుని దిగుతారు. ఆ వీధిలో ఆయనకు ముఖాల కన్నా చెప్పులే ఎక్కువ పరిచయం.

ఒకప్పుడు ప్రతి స్టాంపునూ చేత్తోనే కోసేవాడు. రబ్బరు ముక్క మీద అక్షరాలను తిరగేసి రాసుకుని, చుట్టూ ఉన్నదాన్ని సన్నని కత్తితో తీసేసేవాడు. తిరగేసి కోస్తేనే కాగితం మీద తిన్నగా పడుతుంది. అలా కోసీ కోసీ ఆయన కంటికి తిరగబడ్డ అక్షరమూ తిన్నని అక్షరమూ ఒకటే అయిపోయాయి. మంగలి షాపు అద్దంలో కనబడే ఎదుటి కొట్ల పేర్లన్నీ చదివేస్తాడు. అద్దంలో చదివానన్న ధ్యాస కూడా ఉండదు.

ఇప్పుడా పని ఒక పెట్టె చేస్తోంది. లోపల సన్నని వెలుగు రబ్బరును కాలుస్తుంది. మీట నొక్కి కూర్చోవడమే ఆయన వంతు. కత్తులు సొరుగులో ఉన్నాయి. చేతులు మాత్రం ఊరుకోవు. దొరికిన ఎరేజరు మీదల్లా ఏదో ఒకటి చెక్కుతాడు. స్నానాల గదిలో సబ్బు మీద పువ్వు చూసి భార్య కేకేసింది.

"ఏవండీ, సబ్బునైనా వదిలిపెట్టండి. ఒళ్ళు రుద్దుకోవాలంటే మొహమాటంగా ఉంది."

ఆవిడ తమ్ముడు లిఫ్టు మెకానిక్కు. ఒక ఆదివారం దుకాణానికి వచ్చి, జేబులోంచి చిన్న రేకు డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. లోపల నల్ల స్పాంజిలో గుచ్చిన చిప్ ఒకటి. రెండు వైపులా కాళ్ళు, నడుమ గాజు కిటికీ, వెలుతురు తగిలి లోపల రాసింది చెరిగిపోకుండా ఆ కిటికీ మీద అంటించిన కాగితం.

"ఏంట్రా ఇది, జెర్రిలా ఉంది?"

"నా చదువు బావా. మిగిలింది ఇంతే."

పాలిటెక్నిక్‌లో ఉన్నప్పుడు వాళ్ళ ల్యాబ్‌లో ఒక పాతకాలపు కంప్యూటర్ ఉండేది. దానికి టీవీ లేదు, పెట్టె లేదు. ఒక బోర్డు, కొన్ని మీటలు, వరసగా ఎర్రటి అంకెలు, అంతే. దాని మీద బావమరిది ఒక లిఫ్టును రాశాడు. మీట నొక్కితే అంకెలు ఒక్కో అంతస్తూ ఎక్కుతాయి, ఆగుతాయి, తలుపు తెరుచుకున్నట్టు ఒక గీత విడిపోతుంది. ఎవరైనా మధ్యలో పిలిస్తే దారిలో ఆగి ఎక్కించుకుంటుంది. ఆ ప్రోగ్రామూ, యంత్రం మేలుకోవడానికి కావలసిన ప్రోగ్రామూ రెండూ ఈ చిప్‌లోనే ఉన్నాయి. తర్వాత ఆ ల్యాబ్ ఎత్తేశారు. బోర్డు తుక్కులోకి పోయింది. చదువు సగంలో ఆగింది. వేరేవాళ్ళు రాసిన లిఫ్టులకు గ్రీజు పెడుతూ అతనికి నడివయసు వచ్చేసింది.

"దీనికి నకలు తీయించావా?"

"తీసే యంత్రం ఒకడి దగ్గరుంది. వాడి చేతికి ఇవ్వబుద్ధి కాలేదు. ఒకటే కదా ఉంది."

"మరి నా చేతికిస్తావా?"

"నువ్వు పరాయివాడివా? ఆ బోర్డు మనమే చేద్దాం బావా. ఏ కాలు దేనికి కలవాలో చూపే పటం నా దగ్గరుంది. మిగతా చిప్పులన్నీ దొరుకుతాయి. రాగి గీతలకే మంచి చెయ్యి కావాలి."

ఆ చివరి మాటకు స్టాంపులాయన పడిపోయాడు. సొరుగు లాగి కత్తులు బయటపెట్టాడు.

పద్ధతి ఆయనే చెప్పాడు. రాగి పూత వేసిన పలక మీద గీతలను పెన్నుతో గీస్తే వణుకు కనబడుతుంది. మొత్తం బొమ్మను రబ్బరు మీద కోసి, జిగురు సిరా పూసి, పలక మీద ఒక్కసారే అచ్చు వేస్తే సరి. పలకను గోధుమరంగు ద్రావణంలో వేస్తే సిరా ఉన్నచోట రాగి ఉంటుంది, లేనిచోట కరిగిపోతుంది. బావమరిది బొమ్మ గీసి ఇచ్చాడు. స్టాంపులాయన కొన్ని వారాల పాటు పళ్ళ డాక్టరు డ్రిల్లు కింద కూర్చుని దాన్ని కోశాడు. ఒక చిప్ కాలికీ ఇంకో కాలికీ నడుమ వెంట్రుకంత సందులోంచి రాగి దారి పోవాలి. ఊపిరి బిగబట్టి కోసేవాడు. ఆ రోజుల్లో ఆయన ముఖంలో ఇంట్లో ఎవరూ ఎరగని శాంతి ఉండేది. సబ్బులు బతికిపోయాయి.

అచ్చు బాగా పడింది. ద్రావణంలోంచి తీసి కడిగితే రాగి దారులు మెరిశాయి. అంచున "లిఫ్టు" అని చిన్న అక్షరాలు, బావమరిది సరదాకి రాసినవి. కన్నాలు పెట్టారు, రాగి లేని పై వైపున సాకెట్లు బిగించారు, కింద రాగి వైపున టంకం వేశారు. చిప్పులు పెట్టకముందే కరెంటు ఇచ్చి, బావమరిది పలకను తిరగేసి పట్టుకుని, పక్కన పటం పెట్టుకుని, రాగి వైపునుంచి మీటరు ముళ్ళతో తడిమాడు. పటంలో ఉన్నచోటల్లా సరిగ్గా అయిదు వోల్టులు వచ్చాయి.

"నీ చెయ్యి బంగారం బావా."

తర్వాత చిప్పులు పెట్టారు. బావమరిది దాచుకున్న చిప్‌ను మాత్రం డబ్బాలోనే ఉంచారు. మీట నొక్కారు. ఏమీ లేదు. ఒక్క అంకె వెలగలేదు. కాసేపటికి పెద్ద చిప్ మీద వేలు పెట్టిన స్టాంపులాయన చెయ్యి విదిల్చాడు.

"ఇస్త్రీపెట్టెలా కాలుతోందిరా!"

ఆపేశారు. చిప్ నకిలీదన్నాడు బావమరిది. ఇంకొకటి తెచ్చారు. అదీ కాలింది. టంకం పాడన్నాడు. స్టాంపులాయన టంకం మొత్తం పీకి మళ్ళీ వేశాడు. మళ్ళీ కాలింది. కరెంటు ఇచ్చే పెట్టెను మార్చారు. కాలింది. భూతద్దం పెట్టి ప్రతి దారినీ పరీక్షించారు. ఏ దారీ తెగలేదు, ఏ దారీ పక్కదానికి తగల్లేదు. అన్నీ బాగున్నాయి, ఏదీ పనిచేయదు. ఎక్కడో ఒక తప్పు దొరికినా ఆయన ప్రాణం కుదుటపడేది.

ఆదివారాలు అలా పోయాయి. ఇద్దరి మధ్యా మాటలు పొట్టివయ్యాయి.

"కోసేటప్పుడు ఎక్కడైనా జారిందేమో బావా."

"నా చెయ్యి జారదు. నువ్వు గీసిందే తప్పేమో చూసుకో."

"నేను గీసింది గీసినట్టే పడింది. పక్కపక్కన పెట్టి చూశాగా."

"మరి నన్నెందుకు అడుగుతావ్?"

ఇంటికెళ్ళాక కూడా ఆయన అదే ముఖంతో తిరిగేవాడు. అన్నం ముందు కూర్చుని పళ్ళెం అంచు మీద వేలితో దారులు గీసేవాడు. ఒకరోజు భార్య పళ్ళెం లాగేసుకుంది.

"మా తమ్ముడు ఊళ్ళో లిఫ్టులన్నీ ఆపింది చాలక మా ఇంట్లో మనిషిని కూడా ఆపేశాడు."

ఆ వచ్చే ఆదివారం బావమరిది వస్తూనే డబ్బా తీశాడు.

"నాకొకటి తడుతోంది బావా. ఇది లేకుండా యంత్రానికి ఏం చెయ్యాలో తెలియదు. దిక్కుతోచక తిరుగుతోంది, అందుకే వేడెక్కుతోంది. ఇది పెడితే సరిపోతుంది."

"వద్దురా. ముందు వేడి ఎందుకో తేలనీ. ఉన్నదొకటే."

"ఎన్నాళ్ళకు తేలుతుంది? నీకు నమ్మకం లేదు కాబట్టి ఆలోచిస్తున్నావ్."

"నమ్మకం లేంది నా మీదా, నీ మీదా?"

"ఎవరి మీదైతే ఏం?"

స్టాంపులాయనకు విసుగు గొంతు దాకా వచ్చింది. వారాల తరబడి మింగిన విసుగు. పెట్టొద్దని ఇంకొక్కసారి అని ఉంటే బావమరిది ఆగేవాడే. ఆయన ఆ మాట అనలేదు.

"నీ చిప్పు, నీ ఇష్టం. పెట్టుకో."

బావమరిది కాళ్ళు వంకర పోకుండా చిప్‌ను సాకెట్లో కూర్చోబెట్టి, బొటనవేలితో మెల్లగా నొక్కాడు. మీట వేశాడు. అంకెలు చీకటిగానే ఉన్నాయి. ఇద్దరూ వాటినే చూస్తూ ఉండిపోయారు. ముందు వాసన వచ్చింది. స్టాంపులాయన తీగ పట్టుకుని లాగేశాడు. గాజు కిటికీ మీది కాగితం అంచు పైకి లేచి ఉంది.

బావమరిది చిప్‌ను ఊడదీసి అరచేతిలో పెట్టుకున్నాడు. అప్పుడే భార్య క్యారేజీతో లోపలికొచ్చింది. టైలరింగ్ షాపు నుంచి నేరుగా వచ్చినట్టుంది, మెడలో టేపు అలాగే ఉంది. క్యారేజీ పెట్టడానికి చోటు లేక, బల్ల మీది బోర్డును ఎత్తి పక్కకు జరపబోయి, రాగి వైపు చూసింది.

"అంచున ఇదేం భాష?"

"తెలుగే" అన్నాడు భర్త చిరాగ్గా. "లిఫ్టు అని."

"ఎక్కడుంది లిఫ్టు అని? నాకు కనబడదే. తిరగేసి కుట్టిన జాకెట్టులా ఉంది."

ఆయన బోర్డు అందుకుని చూశాడు. లిఫ్టు అనే ఉంది. మళ్ళీ చూశాడు. ఈసారి ఒక్కో అక్షరాన్నీ, చిన్నపిల్లాడు కూడబలుక్కున్నట్టు, వేలు పెట్టి చూశాడు. గుడి ఎటు తిరిగి ఉండాలి, ఎటు తిరిగి ఉంది. బావమరిది వైపు తిరిగాడు.

"నువ్వు బొమ్మ ఎలా గీశావ్?"

"ఎలా ఏముంది? నీకు శ్రమ తగ్గుతుందని, రబ్బరు మీద ఎలా ఉండాలో అలాగే గీసిచ్చాను. అక్షరాలు కూడా తిరగేసే రాశా, కష్టపడి."

"తిప్పి ఇచ్చానని చెప్పావా?"

"చూస్తే తెలుస్తుంది కదా బావా!"

ఆయనకు తెలియలేదు. తిరగబడ్డ అక్షరాలు ఆయనకు ఉత్త అక్షరాలు. చేతికొచ్చిన ప్రతి బొమ్మనూ తిప్పినట్టే దాన్నీ తిప్పి కోశాడు. పలక మీద పడ్డది బావమరిది గీసినట్టే ఉంది కాబట్టి అతనికీ అనుమానం రాలేదు. రాగి వైపునుంచి చూస్తే బోర్డు పటంలా ఉంది. నిజానికి పటం చిప్పులుండే పై వైపుది. అందుకే మీటరు ప్రతిచోటా అవునంది. పై వైపున కూర్చున్న ప్రతి చిప్‌కూ ఎడమ కాళ్ళకు అందాల్సింది కుడి కాళ్ళకు అందింది. దారుల్లో ఒక్కటీ తప్పు కాదు. మొత్తం బోర్డు అద్దంలో బొమ్మ.

భార్య ఇద్దర్నీ చూసింది. ఏదో అనబోయి, తమ్ముడి చేతిలో చిప్‌ను చూసి మానేసింది.

"తినండి ముందు" అంది.

ఎవరూ తినలేదు. బావమరిది చిప్‌ను స్పాంజిలో గుచ్చి, డబ్బా మూసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

సవరణ సులువైనదే. అదే ఆయన్ని ఎక్కువ మండించింది. సాకెట్లన్నీ ఊడదీసి అటు కాకుండా ఇటు, రాగి వైపునే కూర్చోబెడితే బోర్డు తనంతట తనే సరైపోతుంది. వారమంతా మధ్యాహ్నాలు ఆయన అదే చేశాడు. టంకం పీల్చి, కాళ్ళు ఊడబెరికి, రాగి లేచిపోయినచోట సన్నని తీగ అతికించి. స్టాంపుల కోసం వచ్చినవాళ్ళను రేపు రమ్మన్నాడు. ఒకాయన నిన్న కూడా రేపే అన్నారని గుర్తుచేస్తే, అయితే ఎల్లుండి రమ్మన్నాడు. కొత్త చిప్ పెట్టి కరెంటు ఇచ్చాడు. వేలు పెట్టి చూశాడు. చల్లగా ఉంది. ఆ చల్లదనం మీద ఆయనకు ఒళ్ళు మండింది.

బావమరిదికి కబురు తనే పెట్టాడు. అతను వచ్చి, డబ్బాలోని చిప్‌ను సాకెట్లో పెట్టాడు. చీకటి. తీసి, నకలు తీసే యంత్రం ఉన్నవాడి దగ్గరికి ఇద్దరూ నడిచి వెళ్ళారు. వాడు చిప్‌ను బిగించి, చూసి, తల అడ్డంగా తిప్పాడు. అంతా ఖాళీ అన్నాడు. ఇలాంటి బోర్డు మేలుకోవడానికి మామూలుగా వాడే ప్రోగ్రాం తన దగ్గరుందని చెప్పి, దాన్ని ఇంకో చిప్‌లో ఎక్కించి ఇచ్చాడు.

దానితో యంత్రం లేచింది. ఎర్రటి అంకెలు వరసగా వెలిగాయి. మీట నొక్కితే నొక్కిన అంకె కనిపించింది. ఇన్ని వారాలు ఎదురుచూసింది దీనికోసమే. ఇద్దరిలో ఎవరికీ నవ్వు రాలేదు.

"పనిచేస్తోందిగా" అంది క్యారేజీ తెచ్చిన భార్య.

"పనిచేస్తోందక్కా. ఇందులో ఉన్న ప్రోగ్రాం ఎవరిదో."

స్టాంపులాయన కుర్చీలోంచి లేవలేదు. క్షమించమనే మాట ఆయనకు నోటికి రాదు. భార్యతో కూడా ఎప్పుడూ అనలేదు.

"తిప్పే ముందు ఒక్కమాట అడగాల్సింది రా. నలభై ఏళ్ళలో ఒక్కడినీ అడగలేదు. పెట్టుకో అన్నది కూడా నేనే."

బావమరిది మీటల వైపు కుర్చీ జరుపుకున్నాడు. కళ్ళు మూసుకుని కాసేపు పెదాలు కదిపాడు. ఒక మీట నొక్కాడు, ఇంకొకటి. ఆగాడు. చెరిపాడు. మళ్ళీ నొక్కాడు.

"ఏం చేస్తున్నావ్?"

"మాట్లాడకు బావా. పోతుంది."

పోయిన ప్రోగ్రామును గుర్తుచేసుకుంటూ మధ్యాహ్నమంతా నొక్కాడు. సగం గుర్తుంది, సగం గుర్తుందనుకున్నాడు. చివరికి నడిపించాడు. ఒకటి వెలిగింది. రెండు. మూడు. మూడు దగ్గర నిలబడిపోయింది. తలుపు గీత విడిపోలేదు. పిలిచినా కదల్లేదు.

"ఇరుక్కుంది" అన్నాడు స్టాంపులాయన.

"నాకు కనబడట్లేదా? రోజూ ఇదే చూస్తా!" బావమరిది బల్ల మీద అరచేత్తో కొట్టాడు. ఎర్రటి మూడు అదిరింది, ఆరిపోలేదు. "తలుపు దగ్గర ఏదో పెట్టేవాణ్ణి. ఆగడానికి ముందు ఒకటి, తర్వాత ఒకటి. ఏంటది..."

"ముందున్నది చెప్పు."

"నీకేం తెలుసని?"

"తెలీదు. చెప్పు. తెలియనివాడికి చెబితే నీకు గుర్తొస్తుందేమో."

బావమరిది ఆయన్ని మింగేసేలా చూశాడు. తర్వాత, విసుక్కుంటూనే, మొదటి అంతస్తు నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.